మూడు నిమిషాల్లో జీడిపండు షర్బతు వ్యాపారం గురించి ఎలా చెప్పాలి?

ఉద్దానం_జీడితోట
వచ్చే నెల శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కొత్త వ్యాపార ఆలోచనలను వినిపించే సభ జరుగుతోంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు, ఆ తర్వాత కొద్దిసేపు ప్రశ్నలుంటాయి. మాది వజ్రపుకొత్తూరు మండలం. జీడితోటల్లో పిక్కను తీసుకున్నాక పండును అక్కడే వదిలేస్తారు. పశువులు తిన్నంత తినగా మిగిలినది చెట్టు కిందే కుళ్ళిపోతుంది. ఆ పండు రసంతో షర్బతు చేసి అమ్మాలన్నది నా ఆలోచన. రెండు సీజన్లుగా మా అత్తగారూ నేనూ ఇంటి దగ్గరే చేసి అమ్ముతున్నాం కూడా. నేను రాసుకున్న ప్రసంగం ఇలా మొదలవుతుంది:

“జీడిమామిడిని 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు. నేల కోతను అరికట్టడానికి నాటిన ఈ చెట్టు నేడు మా ఉద్దానానికి జీవనాధారం. పలాస జీడిపప్పు పేరు తెలియనివారు లేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటలను నేలమట్టం చేసింది. ఒకవైపు కిడ్నీ వ్యాధి, మరొకవైపు వలసలు మా ప్రాంతాన్ని పీడిస్తున్నాయి. ఇటువంటి పరిస్థితుల్లో విటమిన్ సి పుష్కలంగా ఉన్న జీడిపండును వృథా కానివ్వకుండా, రైతుల ఆదాయాన్ని పెంచి, మహిళలకు ఉపాధి కల్పించి, పర్యావరణాన్ని కాపాడే ఒక వినూత్న ఉత్పత్తిని మీ ముందుకు తెస్తున్నాము.”

దీని తర్వాత తయారీ విధానం, ధర, మార్కెట్ వివరాలు వస్తాయి. ఎంత వేగంగా చదివినా నాలుగు నిమిషాలు దాటిపోతోంది. ఏ వాక్యం తీసేద్దామన్నా అదే ముఖ్యమనిపిస్తోంది. మొహమాటం లేకుండా చెప్పండి.

ఏడురోడ్ల_కూడలి
గడియారం పక్కన పెట్టుకుని చదివాను. పోర్చుగీసువారు ఓడ దిగి, చెట్లు నాటి, తుపాను వచ్చి వెళ్ళేసరికి మొదటి నిమిషం అయిపోయింది. షర్బతు మాత్రం ఇంకా రాలేదు.

పాత_మేనేజరు
నా ఉద్యోగకాలమంతా బ్యాంకులో రుణ దరఖాస్తులు చదవడంతోనే గడిచింది కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఏం తీసేయాలన్న ప్రశ్న తర్వాత చూడవచ్చు, ముందు వినేవారు ఎవరో కనుక్కోండి. బ్యాంకు అధికారి, పెట్టుబడిదారు, సరుకు కొనే వ్యాపారి ఒకే వరసలో కూర్చున్నా ముగ్గురూ ఒకే మాట కోసం వినరు. నెలనెలా వాయిదా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలని బ్యాంకు అధికారి చూస్తాడు. అయిదేళ్ళలో ఇది ఎంతకు పెరుగుతుందో పెట్టుబడిదారుకు కావాలి. తన అరలో ఈ సీసా ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, ఒక్కోదాని మీద తనకేం మిగులుతుంది అన్నది దుకాణదారు లెక్క. మీ ముసాయిదాలో ఈ ముగ్గురిలో ఒక్కరికైనా పనికొచ్చే మాట నాకు కనబడలేదు. రైతులు, మహిళలు, పర్యావరణం అన్నీ మంచివే. కానీ ఆ మూడు ముక్కలూ ప్రతి దరఖాస్తులోనూ ఉంటాయి, అందువల్ల వాటిని ఎవరూ చదవరు.

నాగావళి_గట్టు
మేనేజరు గారితో పూర్తిగా ఏకీభవించలేను. అంకెలు ఏ కాగితంలోనైనా దొరుకుతాయి. ఎదురుగా మనిషి నిలబడి మాట్లాడుతున్నప్పుడు వినేవారి మనసు కదలాలి. ఉద్దానం కష్టం దేశమంతటికీ తెలిసినదే కాబట్టి దానితో మొదలుపెడితే తప్పేముంది? సభలో అందరూ ఫోన్లు పక్కన పెట్టి వినేది అక్కడే.

కవిటి_కొబ్బరిమట్ట
తప్పు ఉంది. నేను కవిటి వాడిని, మా ఇంట్లోనే డయాలసిస్ చేయించుకునే మనిషి ఉన్నారు. ఆ వ్యాధికి కచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, మీ షర్బతుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. సంబంధం లేని కష్టాన్ని ముందుపెట్టి సీసా అమ్మడాన్ని మా పెద్దలు చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారు. పైగా కిడ్నీ వ్యాధి అన్న మాటా విటమిన్ సి అన్న మాటా ఒకే ఊపిరిలో వస్తే, ఇది వ్యాధికి మందు అని చెబుతున్నారని వినేవారు అపార్థం చేసుకుంటారు. ఆహార పదార్థం వ్యాధిని నయం చేస్తుందని ప్రచారం చేయడానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. ఆ వాక్యాన్ని ముందుగా కొట్టేయండి.

తిత్లీ సంగతి వేరు. ఒక తోటలో కాపు తగ్గినందువల్ల రెండో ఆదాయం అవసరమైందని చెబితే అది వ్యాపారానికి కారణం అవుతుంది. కారణంగా చెప్పండి, కన్నీటి కోసం చెప్పకండి.

నాగావళి_గట్టు
డయాలసిస్ మాట విన్నాక నా వాదన కొంత సడలింది, ఒప్పుకుంటాను. అయినా మనిషి లేని ప్రసంగం నాకు రుచించదు. వ్యాధి వద్దు, తోటలో ఒక రైతు ఉండాలి.

గంటస్తంభం_నీడ
టీవీలో షార్క్ ట్యాంక్ చూసి మా బావమరిది కూడా ఇలాగే చేతులు చాచి నడుస్తూ మాట్లాడటం అభ్యాసం చేశాడు. ఇల్లు చిన్నది కావడంతో మూడో అడుగుకు ఫ్రిజ్ తగిలింది. నడక సంగతి అలా ఉంచితే, ఆ కార్యక్రమంలో ఒకటి గమనించండి. వచ్చినవారు ఎంత పెట్టుబడి కావాలో, దానికి బదులు వ్యాపారంలో ఎంత వాటా ఇస్తారో మొదటే చెప్పేస్తారు. మన సభల్లో అడగవలసినది చివరి వాక్యంలో దాక్కుంటుంది, గంట కొట్టేసరికి అది నోట్లోనే ఉండిపోతుంది.

పొందూరు_పడుగు
రుచి చూపించగలిగిన సరుకును మాటలతో వర్ణించడం ఎందుకు? మా పొందూరులో సన్న ఖద్దరు ధర విని వెనక్కి తగ్గేవారు చాలామంది ఉంటారు. వారిని దూదిని శుభ్రం చేసే చోటికి తీసుకెళ్ళి, వాలుగ చేప దవడతో దూదిని ఎలా దువ్వుతారో చూపిస్తే చాలు. పళ్ళ వరసలో చెత్త చిక్కుకుని, పొగమంచులా మెత్తని దూది చేతిలో మిగులుతుంది. ఆ తర్వాత ధర గురించి వాదించేవారిని నేను చూడలేదు.

తాడు తెగినా పడిపోని లిఫ్టు చేసిన ఎలీషా ఓటిస్ కూడా 1854లో న్యూయార్క్ ప్రదర్శనశాలలో దాని భద్రత గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. జనం చూస్తుండగా పైకెత్తిన బల్ల మీద తానే నిలబడి, దాన్ని పట్టి ఉన్న తాడును కోయించాడు. బల్ల కొద్దిగా దిగి ఆగిపోయింది. మీరూ సీసా మూత తీయండి.

ఏడురోడ్ల_కూడలి
పడుగు గారి సలహా బాగుంది. అయితే ఒక హెచ్చరిక. గ్లాసులు పంచడానికే మూడు నిమిషాలూ అయిపోతాయి. మీ పేరు పిలవకముందే న్యాయనిర్ణేతల ముందు చిన్న గ్లాసులు పెట్టించడానికి నిర్వాహకుల అనుమతి తీసుకోండి.

పాత_మేనేజరు
గ్లాసు సంగతి సరే. తాగగానే శ్రీకాకుళం వాళ్ళెవరైనా అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. చిన్నప్పుడు జీడిపండు తిని గొంతు పట్టేయనివారు మనలో ఎవరున్నారు? తెల్ల చొక్కా మీద దాని రసం పడితే పోయేది కాదు. ఆ వగరు ఎలా తీశారు?

ఉద్దానం_జీడితోట
గంజితో తీస్తున్నాం. పండ్లను కోసిన రోజే కడిగి, రసం పిండి, వడకట్టి, అందులో చల్లారిన బియ్యపు గంజిని కొద్దికొద్దిగా పోస్తూ నెమ్మదిగా కలుపుతాం. కాసేపటికి రసం విరిగినట్టయి, వగరు పదార్థం పీచులుగా గంజిని పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన రసాన్ని కదపకుండా వంచుకుంటే పలుచని పసుపు రంగులో, అడుగు కనబడేంత తేటగా ఉంటుంది. దానికి చక్కెర పాకం, నిమ్మ ఉప్పు చేర్చి కాచి నింపుతాం. దీన్ని కూడా మూడు నిమిషాల్లో చెప్పాలా?

పాత_మేనేజరు
ఒక్క వాక్యంలో చెప్పండి. మీ ముసాయిదా మొత్తంలో మీకు తప్ప మరొకరికి లేనిది ఇదొక్కటే, దాన్ని మాత్రం వదిలేశారు!

మూడులాంతర్ల_మాస్టారు
పాఠశాలలో వక్తృత్వ పోటీలకు పిల్లలను తయారుచేసిన అనుభవంతో ఒక మాట. తొందరపడకుండా మాట్లాడితే తెలుగులో నిమిషానికి తొంభై నుంచి నూరు మాటలు పడతాయి. మూడు నిమిషాలంటే మూడు వందల మాటలు రాసుకోమని కాదు. రెండు వందలు దాటనివ్వకండి. మిగిలిన కాలం ఊపిరికీ, చూపుకూ, వారు గ్లాసు ఎత్తి దించడానికీ అవసరం. ప్రసంగం మొత్తాన్ని కంఠస్థం చేయవద్దు, మధ్యలో ఒక మాట జారితే గాబరాలో మళ్ళీ మొదటికి వెళ్ళవలసి వస్తుంది. మొదటి వాక్యమూ చివరి వాక్యమూ కంఠస్థంగా ఉంటే చాలు, నడుమ అంకెలు మాత్రం చేతి చీటీలో ఉండాలి. అంకెలు ఇవ్వండి, నేనొకటి రాసి చూపిస్తాను.

గంటస్తంభం_నీడ
ఇంగ్లీషులో మాట్లాడాలా, తెలుగులోనా?

మూడులాంతర్ల_మాస్టారు
ఎదుటివారి ప్రశ్నకు ఏ భాషలో తడుముకోకుండా జవాబు చెప్పగలరో ఆ భాషలో.

ఉద్దానం_జీడితోట
నిర్వాహకులను అడిగాను. వినడానికి ఒక బ్యాంకు అధికారి, విశాఖ నుంచి ఇద్దరు పెట్టుబడిదారులు, మన రెండు జిల్లాల్లో సూపర్‌ మార్కెట్లున్న ఒక వ్యాపారి వస్తున్నారట. నా అంకెలు ఇవి. 700 మిల్లీలీటర్ల సీసా అమ్మకపు ధర 160 రూపాయలు. అందులో దుకాణానికి 30. పండు, చక్కెర, సీసా, లేబులు, కూలీ, రవాణా అన్నీ కలిపి 95. రైతుకు పండు కిలోకు 4 రూపాయలు ఇస్తున్నాం. పోయిన సీజనులో 600 సీసాలు చేశాం, అన్నీ అమ్ముడయ్యాయి. పిండే యంత్రం, కాచే పాత్రలు, సీసాలు నింపే యంత్రం, చిన్న షెడ్డు కలిపి 8 లక్షల రూపాయలు అవుతుంది.

పాత_మేనేజరు
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. సీసాకు 35 రూపాయలు మిగులుతోంది. ఆ 160లో జీఎస్టీ కలిసి ఉందా లేదా అన్నది సభకు వెళ్ళేలోపు తేల్చుకోండి, ఎందుకంటే వ్యాపారి అడిగే రెండో ప్రశ్న అదే అవుతుంది. మీ కూలీ, మీ అత్తగారి కూలీ ఆ 95లో వేశారా? ఇంటి మనుషుల శ్రమను ఉచితంగా లెక్కవేసిన వ్యాపారాలు యంత్రాలు పెట్టిన ఏడాదే నష్టంలోకి వెళ్ళడం చాలా చూశాను.

ఇక అడగవలసినది. సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో అర్హమైన ప్రాజెక్టు వ్యయంపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ ఉంది. మీ వాటా కనీసం 10 శాతం పెట్టాలి. మీ 8 లక్షల మీద లెక్కవేస్తే మీ చేతి నుంచి 80 వేలు, బ్యాంకు రుణం 7 లక్షల 20 వేలు, రాయితీ 2 లక్షల 80 వేలు. ఆ రాయితీ మీ చేతికి నగదుగా రాదు. బ్యాంకులో విడిగా ఉంచి, మూడేళ్ళు యూనిట్ నడిచి, ఖాతా సక్రమంగా ఉంటే రుణానికి సర్దుబాటు చేస్తారు. ఇది తెలియక “రాయితీ సొమ్ముతో సరుకు కొంటాం” అని వేదిక మీద చెప్పినవారిని చూసి బ్యాంకువాళ్ళు కలం మూసేయడం నాకు తెలుసు. దరఖాస్తు గడువు ఎప్పటిదాకా ఉందో ముందుగా కనుక్కోండి.

కవిటి_కొబ్బరిమట్ట
అంకెలన్నీ బాగానే ఉన్నాయి గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. పండు మార్చి నుంచి మే వరకే దొరుకుతుంది. మిగిలిన తొమ్మిది నెలలూ 8 లక్షల యంత్రాలు ఏం చేస్తాయి? వాయిదా మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి కదా.

ఉద్దానం_జీడితోట
ఇదే ప్రశ్న మా ఆయన కూడా అడుగుతున్నారు. సీజనులో తేర్చిన రసాన్ని, పాడవకుండా అనుమతించిన మోతాదులో పొటాషియం మెటాబైసల్ఫైటు అనే నిల్వ పదార్థం కలిపి డబ్బాల్లో నిల్వ చేసి, ఏడాదంతా కొంచెం కొంచెంగా షర్బతుగా నింపవచ్చని శిక్షణలో చెప్పారు. రసం పిండే యంత్రానికి మాత్రం సీజను దాటాక పని ఉండదు.

బొబ్బిలి_పనసకర్ర
ఆ ఖాళీని దాచకండి. మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి, వీణలు చేసే కుటుంబం. పెద్ద వీణను ఒకే పనస దుంగలో తొలుస్తాం, దానికి ఎన్నో వారాల పని. కార్యక్రమాల్లో అతిథులకు ఇచ్చే బుల్లి వీణలు వేరు. ఒక సంస్థవాళ్ళు అటువంటివి పెద్ద సంఖ్యలో కావాలంటూ మాట్లాడటానికి పిలిచారు. మా అన్నయ్య చెప్పినది చాలా కొద్ది. వీణను బల్ల మీద పెట్టి, “ఇది పనస కర్ర, యంత్రంతో పోత పోసినది కాదు, అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు” అన్నాడు. నెలకు ఎన్ని ఇవ్వగలరని వారు అడిగారు. మీరడిగినదానిలో సగమే ఇవ్వగలమని, వానాకాలంలో కర్ర ఆరదు కాబట్టి ఇంకా తగ్గుతుందని చెప్పాడు. పక్కన కూర్చున్న నాకు చెమటలు పట్టాయి. వాళ్ళు ఆర్డరును సగానికి తగ్గించి, గడువు పెంచి ఇచ్చారు. అవతలివాళ్ళు కనిపెట్టగలిగిన లోపాన్ని మనమే ముందు చెబితే, మిగిలిన మాటల మీద వాళ్ళకు అనుమానం తగ్గుతుంది.

గంటస్తంభం_నీడ
గోవాలో ఇదే పండుతో ఫెనీ అనే మద్యం కాస్తారు, దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జీడిపండుకు మార్కెట్ ఉందనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి? ఆ వాక్యం పెట్టండి.

ఏడురోడ్ల_కూడలి
పెట్టండి. సభ ముగిశాక ముందుగా వచ్చి కలిసేది పెట్టుబడిదారో ఎక్సైజు శాఖో చూద్దాం.

మూడులాంతర్ల_మాస్టారు
ఇప్పటిదాకా అందరూ చెప్పినది మనసులో పెట్టుకుని రాశాను. ఖాళీ ఉన్నచోట ఉద్దానం గారు నింపుకోవాలి.

“మీ ముందున్న గ్లాసులో ఉన్నది జీడిపండు షర్బతు. చిన్నప్పుడు ఈ పండు తిని, గొంతు పట్టేసిందని మీలో చాలామంది వదిలేసి ఉంటారు. ఉద్దానం రైతు కూడా పిక్క తీసుకుని పండును వదిలేస్తున్నాడు, దాని బరువు పిక్క బరువుకు ఎన్నో రెట్లు ఉన్నా. ఆ వగరును గంజితో తేర్చి తీసేసి, మేము రెండు సీజన్లుగా ఈ షర్బతు అమ్ముతున్నాం. పోయిన సీజనులో చేసిన 600 సీసాలూ అయిపోయాయి. కొన్నవారిలో ఇంతమంది మళ్ళీ కొన్నారు. సీసా 160 రూపాయలు. దుకాణానికి 30, ఖర్చులకు 95 పోగా 35 మిగులుతుంది. రైతుకు ఇంతకుముందు ఏమీ రాని పండుకు కిలోకు 4 రూపాయలు వస్తోంది. పండు మూడు నెలలే దొరుకుతుంది, రసాన్ని నిల్వ చేసి ఏడాదంతా సీసాలు నింపుతాం. యంత్రాలకూ షెడ్డుకూ 8 లక్షలు కావాలి, మా వాటా 80 వేలు సిద్ధంగా ఉంది. బ్యాంకు నుంచి మిగిలిన రుణం కోరుతున్నాం. మీ దుకాణాల్లో అయిదింటిలో మూడు నెలలు అమ్మి చూడమని వ్యాపారి గారిని కోరుతున్నాం.”

నూటయాభై మాటల్లోపే ఉంది. నెమ్మదిగా చదివినా రెండు నిమిషాలు దాటదు.

పొందూరు_పడుగు
పోర్చుగీసువారు తిరిగి ఓడ ఎక్కేశారు, సంతోషం.

పాత_మేనేజరు
మాస్టారి ముసాయిదా బాగుంది, రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, “ఇంతమంది మళ్ళీ కొన్నారు” అన్నచోట ఊహించి అంకె వేయకండి. అడిగితే చూపించగల పుస్తకం ఉండాలి, లేకపోతే ఆ వాక్యమే వద్దు. రెండవది, ఒకే సభలో ఇద్దరిని రెండు రకాలుగా అడగడం నాకు నచ్చలేదు. అడిగినది ఒకటైతే సభ ముగిశాక కూడా వారికి గుర్తుంటుంది.

నాగావళి_గట్టు
రైతు వచ్చాడు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ఒకటే అడగాలంటే ఏది?

పాత_మేనేజరు
వ్యాపారిని అడగాలి. బ్యాంకు అధికారి ఆ వేదిక మీద రుణం మంజూరు చేయలేడు, దరఖాస్తు శాఖకు వెళ్ళవలసిందే. వ్యాపారి మాత్రం అక్కడికక్కడే సరేననగలడు. అయిదు దుకాణాలు సరుకు తీసుకుంటాయని ఆయన ఇచ్చే చిన్న ఉత్తరాన్ని రుణ దరఖాస్తుకు జతచేస్తే, నేను ఆ కుర్చీలో ఉన్నట్టయితే మీ ఫైలును ముందుగా తీసేవాడిని. కాబట్టి 8 లక్షలు, మా వాటా 80 వేలు అని సమాచారంగా చెప్పండి, అడగడం మాత్రం ఆయన్నే అడగండి. 8 లక్షల యూనిట్‌లో వాటా కోసం విశాఖ పెట్టుబడిదారులు ఎగబడరు, వారి గురించి దిగులు వద్దు.

కవిటి_కొబ్బరిమట్ట
విటమిన్ సి ఎక్కడా లేదు, అందుకు సంతోషిస్తున్నాను. పచ్చి పండులో అది ఎక్కువే, కానీ కాచిన తర్వాత తగ్గుతుంది. మీ సీసాలో ఎంత మిగిలిందో ప్రయోగశాల నివేదిక చేతికి వచ్చాక మాట్లాడవచ్చు.

బొబ్బిలి_పనసకర్ర
పెద్ద కంపెనీ ఇదే చేస్తే మీ పరిస్థితి ఏమిటని తప్పక అడుగుతారు. మమ్మల్ని ప్రతిసారీ అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకోండి.

ఉద్దానం_జీడితోట
పుస్తకం చూశాను. కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు మా అత్తగారు రాసి ఉంచారు. మూడో వంతు మంది మళ్ళీ కొన్నారు, అదే చెబుతాను. మా ఇద్దరి కూలీ కూడా వేస్తే ఖర్చు 95 నుంచి 104కి వచ్చింది, మిగిలేది 26. ధర పెంచడం కంటే ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పడమే మంచిదనుకుంటున్నాను. జీఎస్టీ సంగతి పలాసలో మా పన్నుల సలహాదారును రేపు అడుగుతాను.

పెద్ద కంపెనీ గురించి నా జవాబు ఇది. ఈ పండు కోసిన రోజు సాయంత్రానికే మెత్తబడి పులుపెక్కుతుంది, లారీలో దూరం వెళ్ళదు. వాళ్ళు రావాలంటే తోటల మధ్యకే రావాలి, వస్తే రసం మా దగ్గర కొనుక్కోవచ్చు. దీన్ని ప్రసంగంలో పెట్టను, అడిగితేనే చెబుతాను.

పాత_మేనేజరు
26 రూపాయలకే వెళ్ళండి. తెరమీద ఒక్క స్లయిడు చాలు: సీసా బొమ్మ, 160, 30, 104, 26. మిగతా కాగితాలు సంచిలో ఉంచండి, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నమోదు పత్రం మాత్రం పైన ఉండాలి.

ఏడురోడ్ల_కూడలి
ఆ హాలులో ఫ్రిజ్ ఉందో లేదో కూడా కనుక్కోండి. వేడి షర్బతు తాగినవారు మూడు నెలలు కాదు, మూడు గుక్కలు కూడా ప్రయత్నించరు.

ఉద్దానం_జీడితోట
ఫ్రిజ్ లేదట. కాశీబుగ్గ నుంచి ఐసు పెట్టె తెస్తున్నాం.